బలుసాకు తిన్న సీమ

బ్రతికి ఉంటే బలుసాకు తిని బ్రతకవచ్చునన్న సామెత వినని తెలుగు బిడ్డ ఉండడు. పరీక్ష తప్పి కుమిలిపోతున్న విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పేది ఇదే. వ్యాపారంలో సర్వం పోగొట్టుకొన్నవానికి బంధువులు చెప్పేదీ ఇదే. ఓదార్పు మాటగా అది ఎంతగా అరిగిపోయినదంటే, అందులో ఒక చెట్టు ఉన్నదనీ, ఆ చెట్టుకు ఆకులున్నవనీ, ఆ ఆకులను నిజంగానే ఉడికించుకొని తిన్న మనుష్యులు ఉండినారనీ చెప్పేవారికీ తోచదు, వినేవారికీ తోచదు.

బలుసు మహావృక్షమేమీ కాదు, ముండ్ల పొద. ఎర్రమల, నల్లమల కొండల పాదాల వెంట, చేలగట్ల మీద, బండరాళ్ల సందులలో, ఎవరూ నీరు పోయకుండానే బ్రతుకుతుంది. చిన్న ఆకులు, పండితే పసుపు రంగు తిరిగే చిన్న కాయలు. ఆ పండ్లు పశువులు కాచే పిల్లలకు చిరుతిండి. వానలు కుదిరిన ఏట ఆ ఆకు వంక చూసేవారు తక్కువ. ఊరంతా దానికోసం కొండకు నడిచినదంటే గాదె అడుగంటినదన్నమాట. కాబట్టి ఈ సామెతను ఇంట సుఖంగా కూర్చున్నవాడు కల్పించి ఉండడు. ఆకు రుచి ఎరిగినవాడెవడో పక్కవాడికి చెప్పిన కబురు వలె ఉన్నది అది.

కర్నూలు, కడప సీమల వారికి ఆ రుచి ఎట్లు తెలిసినదో చెప్పాలంటే మొదట వానను గూర్చి చెప్పాలి. నైరృతి ఋతుపవనం పడమటి కనుమల మీదనే తన బరువు చాలావరకు దించుకొని, తేలిపోయిన మబ్బులతో ఇటు వస్తుంది. ఈశాన్య ఋతుపవనం కోస్తాను తడిపి, తూర్పు కొండలు దాటేసరికి అలసిపోతుంది. రెండు ఋతుపవనాలకూ ఈ సీమ చివరి విస్తరి. ఏడాదికి సగటున ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కలు చెబుతాయి గాని, సగటు అన్న మాట ఇక్కడి రైతును ఎన్నడూ కాపాడలేదు. ముంగారి వాన సకాలానికి రాకపోతే హింగారి మీద ఆశ. హింగారి కూడ తప్పితే మరుసటి ఏడు మీద ఆశ. వానరాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత కూడ ఇటువంటి నేల మీదనే ఎక్కువగా వినబడుతుంది.

1876లో ఈ ఆశలు రెండూ వరుసగా తెగిపోయినవి. తెలుగు సంవత్సరాలలో అది ధాత. ధాత అంటే సృష్టికర్త అని అర్థం. పంచాంగం పెట్టిన పేరుకూ, ఆ ఏడు చేసిన పనికీ ఇంత వైరుధ్యం మరి ఏ సంవత్సరంలోను కనబడదు. అది మొదలు రాయలసీమలో ధాత కరువు అన్నది ఒక తిథి వలె, ఒక శకం వలె నిలిచిపోయినది. ముందు నైరృతి వాన పోయినది. అక్టోబరు, నవంబరు మాసాలలో ఈశాన్య వానా పోయినది. తరువాతి ఈశ్వర సంవత్సరంలోను వర్షాకాలం మొదటి నెలలు ఎండగానే గడచినవి. పసిఫిక్ మహాసముద్రంలో, దక్షిణ అమెరికా తీరాన నీరు అసాధారణంగా వేడెక్కితే మన ఋతుపవనాలు బలహీనపడతాయని ఈనాటి వాతావరణ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రెండు మూడేండ్లలో ఉత్తర చైనాలోను, బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలోను కూడ జనం ఆకలితో రాలిపోయినారు. కోవెలకుంట్ల నల్లరేగడి రైతుకు పెరూ సముద్రమన్నది ఒకటి ఉన్నదని తెలియదు. ఆకాశం వంక చూసి, తన పాపమేమో అనుకొన్నాడు.

వాన పోగానే అన్నం పోలేదు. ఇది గమనింపదగిన విషయం. నల్లరేగడి ఊళ్లలో జొన్న పాతర్లు ఉండేవి. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పితే ఏండ్ల తరబడి గింజ నిలుస్తుంది. మోతుబరి రైతుకు రెండు మూడేండ్ల జొన్న పాతరలో ఉండడం మర్యాదకు గుర్తు. అటువంటివారు మొదటి ఏడు గడుపుకొన్నారు. భూమి లేని కూలివాడు, మగ్గం మీద బ్రతికే నేతవాడు మాత్రం మొదటి నెలలోనే వీధిన పడ్డారు. సేద్యం లేదు గనుక కూలి లేదు. కొనేవాడు లేడు గనుక గుడ్డకు వెల లేదు. ధరలు రెండింతలు, మూడింతలు అయినవి. మద్రాసు నుండి కడప మీదుగా గుత్తి, రాయచూరు వైపు పోయే రైలుమార్గం 1871 నాటికే పూర్తి అయి ఉండినది. ఆ రైలు ధాన్యం తెచ్చినది. ధర ఎక్కడ హెచ్చుగా ఉంటే అక్కడికి తీసుకొని పోయినది కూడ. కర్నూలు పట్టణానికి ఆనాటికి రైలు లేదు. గుత్తిలో దిగిన బస్తాలు ఎద్దుల బండ్ల మీద రావాలి. బండి లాగే ఎద్దుకు మేత లేదు, దారిలో నీరు లేదు. తిండి ఒకచోట, ఆకలి మరొకచోట ఉండినవి. నడుమ ఎముకల గూడైన ఎద్దు.

దుర్భిక్షంలో అధికమాసం అని మనవారు అనడం ఊరకే కాదు. కరువులో నెలకు ముప్పై రోజులుండవు, అంతకంటె ఎక్కువ ఉంటాయి.

ఆ సంవత్సరపు నడిమధ్యన, 1877 జనవరి 1న, ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగినది. విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించినారు. వైస్రాయి లిట్టన్ ప్రభువు సంస్థానాధీశులకు విందులు చేసినాడు. అదే నెలలో ఆయన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు రాజధానికి పంపినాడు. కరువు ఖర్చు అదుపు తప్పుతున్నదని ప్రభుత్వానికి బెంగ. దాన్ని తగ్గించడం టెంపుల్ పని.

ఈ టెంపుల్ కథ ఉపాధ్యాయులు చరిత్ర పాఠంలో తప్పక చెప్పవలసినది. ఈయన పుట్టుకతో కఠినాత్ముడు కాడు. మూడేండ్ల క్రితం, 1873-74లో, బీహారులో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మా నుండి బియ్యం తెప్పించి జనానికి పంచి పెట్టించినాడు. అక్కడ ఆకలి చావులు బహు స్వల్పం. అందుకు ఆయనకు దక్కినది మెప్పు కాదు, నింద. అంత డబ్బు ఎందుకు తగలేసినావని పైవారూ, పత్రికలవారూ ఆయనను దుయ్యబట్టినారు. ప్రాణాలు కాపాడినందుకు తిట్లు తిన్న మనిషి, ఈసారి రూపాయలు కాపాడి పేరు దిద్దుకోవాలనుకొన్నాడు. కరువు పనికి వచ్చిన మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఆడవారికీ పిల్లలకూ ఇంకా తక్కువ. పౌను అంటే మన లెక్కలో నాలుగు వందల యాభై గ్రాములు. దానితో పగలంతా ఎండలో రాళ్లు కొట్టాలి, మన్ను మోయాలి.

మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ దీనికి అడ్డు తగిలినాడు. శ్రమ చేసే మనిషి శరీరానికి పౌనున్నర ధాన్యానికి తక్కువైతే చాలదని, దానితోపాటు పప్పు, కూరాకు ఉండాలని ఆయన వాదించినాడు. ఇద్దరూ ఆంగ్లేయులే, ఇద్దరూ ఒకే రాణి కొలువులోనివారే. ఒకరి ముందు ఖజానా లెక్క ఉన్నది. మరొకరి ముందు శిబిరాలలో పడి ఉన్న మనుష్యులున్నారు. ఉత్తరాల మీద ఉత్తరాలు, పత్రాల మీద పత్రాలు నడచినవి. మార్చిలో మద్రాసు ప్రభుత్వం కార్నిష్ మాటకు సగం దూరం వచ్చినది. పౌనుంబావు ధాన్యం, ఒకటిన్నర ఔన్సుల పప్పు అని నిర్ణయం మారినది. ఆ పావు పౌను కోసం జరిగిన పోరాటంలో ఎన్ని ప్రాణాలు నిలిచినవో ఎవరు లెక్కకట్టగలరు? పిడికెడు గింజల తేడా అది. బల్లల వెనుక కూర్చున్నవారికి అది వాదం. కర్నూలు రోడ్డు పనిలో గంప మోసే స్త్రీకి ఆ పిడికెడు ఇంటికి చేరడమో, దారిలో కూలిపోవడమో.

తరువాత వాన వచ్చినది. 1877 వర్షాకాలం చివరలో మబ్బు కరిగినది. కథ అయితే అక్కడ ముగియాలి. నిజంగా జరిగినది వేరు. ఏడాదిన్నర ఆకలితో శిథిలమైన దేహాల మీద మలేరియా జ్వరం పడినది. అప్పటికే కలరా ఊళ్లు ఊడ్చి పోయి ఉండినది. ఎండను తట్టుకొని నిలిచినవారు ఎందరో వాన కురిసిన తరువాత చనిపోయినారు. ఎద్దులు లేవు; ఉన్నచోట విత్తనం లేదు. లండన్ నగర మేయరు పూనికతో సేకరించిన చందా ఐదు లక్షల పౌనులు దాటి వచ్చినది. ఆ ధనంలో పెద్ద భాగం గంజికి కాక విత్తనాలకు, దుక్కిటెద్దులకు, కూలిన ఇండ్ల కప్పులకు ఇచ్చినారు. ఆ ఆలోచన ఎవరిదైనా, రైతు మనసెరిగినవారిదే అయి ఉండాలి. అన్నం పెడితే మనిషి ఆ పూట లేస్తాడు; విత్తనమిస్తే మడక పట్టుకొని లేస్తాడు.

1871 జనగణనలో కర్నూలు జిల్లా జనం తొమ్మిది లక్షలకు పైన. పదేండ్ల తరువాత, 1881లో, ఏడు లక్షలకు లోపు. మామూలుగా పెరగవలసిన సంఖ్య పెరగకపోగా, నలుగురిలో ఒకరు లేరు. కొందరు దేశాంతరం పోయినవారు, చాలామంది లోకాంతరం పోయినవారు. 1901లో తిరిగి లెక్కించినప్పుడు సైతం ఆ జిల్లా 1871 నాటి సంఖ్యను అందుకోలేదు. ముప్పై ఏండ్లు, అంటే ఒక తరం. కడప జిల్లాలో నష్టం ఇంతకు కొంత తక్కువ; అక్కడా లక్షలలోనే.

కష్టకాలంలో నిబ్బరం అన్న విషయం మీద బడులలో వ్యాసాలు వ్రాయిస్తారు. గుండె దిటవు చేసుకొన్నవాడు గట్టెక్కుతాడని పిల్లలు వ్రాస్తారు; మార్కులు పడతాయి. ఆ వాక్యం పక్కన ఈ జనగణన పట్టికను పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. రెండు లక్షలకు పైబడిన ఆ జనానికి గుండె దిటవు చాలలేదా? కూతురికి గంజి తాగించి తాను పస్తున్న తల్లికి నిబ్బరం లేకనా చనిపోయినది? బ్రతికినవారంతా ధీరులనీ, పోయినవారంతా అధైర్యవంతులనీ ధ్వనించే ఏ పాఠమైనా పోయినవారికి చేసే రెండవ అన్యాయం. మొదటిది పౌను ధాన్యపు కొలత.

అట్లని నిబ్బరం వట్టి మాట అనడానికి వీలులేదు. బలుసాకు ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. కలబంద మొదళ్లను ఎంతసేపు ఉడికిస్తే చేదు విరుగుతుందో తెలియాలి. వరిగ, కొర్ర, ఆరిక వంటి చిరుగింజలలో ఏది రెండు తడులకే పండుతుందో, ఏది ఎన్నేండ్లు దాచినా పురుగు పట్టదో తెలియాలి. ఇదంతా ఒక్క మనిషి గుండెలో పుట్టేది కాదు. అవ్వ చెబితే మనుమరాలికి అందేది. ఈ సీమ ఓర్పును అర్థం చేసుకోవాలంటే మనుష్యుల ముఖాలలో కంటె వారి పాతర్లలో, బావులలో, చెరువు కట్టలలో చూడడం మేలు.

కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు ఉన్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించి, 1369లో శాసనం వేయించినాడు. దానికి అనంతరాజ సాగరమని పేరు. ఆ సంస్కృత శాసనం పొగడ్తలతో నిండినది కాదు. అది ఒక ఇంజనీరింగు పాఠం. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండరాదని వరుసగా చెబుతుంది. కట్ట నుండి నీరు ఊరడం దోషం. చవుడు నేల దోషం. నీరు కొంచెమై నేల విస్తారమైతే దోషం, నేల కొంచెమై నీరు విస్తారమైనా దోషం. రెండు రాజ్యాల సరిహద్దున కట్టడం కూడ దోషమే అన్నాడు శాసనకర్త. నదీజలాల తగాదాలు చూస్తున్న ఈనాటివారు ఆ మాటకు నవ్వుకోవచ్చు. దినానికి వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని. ఆ వేయిమందిలో ఒక్కరి పేరైనా శాసనానికి ఎక్కలేదు. ఆరున్నర శతాబ్దాలు దాటినా చెరువు ఉన్నది.

ధాత కరువుకు పదేండ్ల ముందు, 1866లో, మరొక కరువు వచ్చినది. ఉయ్యాలవాడ గ్రామవాసి బుడ్డా వెంగళరెడ్డి పేరు అప్పుడే సీమంతటా మారుమ్రోగినది. 1846లో కుంపిణీ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసిన నరసింహారెడ్డి వల్ల ప్రసిద్ధికెక్కిన ఉయ్యాలవాడే ఇది. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. వెంగళరెడ్డి తన ధాన్యం పెట్టి వేలాది జనానికి అన్నం పెట్టించినాడు. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకం వచ్చినది. రాణి పతకాన్ని జనం చూసినారో లేదో గాని, ఆయన్ను గూర్చి పాటలు కట్టుకొన్నారు. జానపద గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చినందువల్లనే ఆయన కథ నిలిచినది.

కరువుకు దాసర్లయితే పదాలెక్కడివి అని ఒక సామెత ఉన్నది. ఆకలికి తాళలేక తంబుర పట్టినవాడికి పాటలు ఎట్లు వస్తాయి అని ఎగతాళి. వెంగళరెడ్డి పాట విన్నవారు ఆ ఎగతాళికి జవాబు దొరికినదనుకోవచ్చు. అన్నం దొరికిన కరువు దాసరికి పదం కూడ దొరికినది.

అయితే వెంగళరెడ్డిని కొలిచేవారు ఒక చిక్కును మరువరాదు. ఉయ్యాలవాడ దాకా నడవగలిగినవారికే ఆ అన్నం అందినది. ఒక ధర్మాత్ముని గాదె ఒక ఏటి ఆకలిని ఆపగలదు; పదేండ్ల తరువాత వచ్చినటువంటి రెండేండ్ల కరువును, నాలుగు జిల్లాల కరువును ఏ ఒక్కరి గాదె ఆపలేదు. దానికి ప్రభుత్వం కావాలి, కాలువ కావాలి, రైలు కావాలి. 1880లో కరువు విచారణ సంఘం నివేదిక ఇచ్చినది. దాని ఫలితంగా కరువు నిబంధనావళి ఏర్పడినది. ఏ గుర్తులు కనబడితే పనులు తెరవాలి, పని చేయలేనివారికి ఎట్లు గంజి పోయాలి అన్నవి కాగితం మీదికి వచ్చినవి. కార్నిష్ గెలిచినాడని అనలేము. ఆకలి మనిషి శరీరానికి ఒక కొలత ఉన్నదన్న ఆయన మాట మాత్రం ఆ తరువాత ఎవరూ కొట్టివేయలేకపోయినారు.

ఇక కాలువ సంగతి. కర్నూలు కడప కాలువ కథలో ఒక విచిత్రం ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు సంస్థ దీన్ని త్రవ్వ మొదలుపెట్టినది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు వద్ద హంద్రీ నదిని వంతెన మీదుగా దాటించి, కుందేరు లోయ వెంట నడిపి, పెన్నేరు దాటించి కడప వరకు తెచ్చినారు. దాదాపు మూడు వందల కిలోమీటర్లు. పడవలు నడుస్తాయనీ, లాభాలు వస్తాయనీ వాటాదారులు ఎదురు చూసినారు. 1870 ప్రాంతానికి నీరు సిద్ధంగా ఉండినది. రైతు మాత్రం ముట్టుకోలేదు. నీటి తీరువ కట్టాలి. నల్లరేగడికి మితిమీరిన తడి పనికిరాదు. తాతల నాటి జొన్న, పత్తి మంచుకూ పదునుకూ పండుతుండగా వరి ఎందుకు అన్నాడు. వాన తప్పిన ఏడు నీటికి పరుగెత్తడం, వాన పడిన ఏడు కాలువ వంక చూడకపోవడం అతని వాడుక. ఇట్టి గిరాకి మీద ఏ కంపెనీ బ్రతుకుతుంది? చివరకు 1882లో ప్రభుత్వమే దాన్ని కొనివేసినది.

రైతును మూర్ఖుడని ఆనాటి దొరలు వ్రాసుకొన్నారు. అతడు మూర్ఖుడు కాడు, జాగ్రత్తపరుడు. ప్రతి ఏడూ కట్టవలసిన పన్ను అతనికి కనబడినది, ఎప్పుడో వచ్చే కరువు కనబడలేదు. ఇందులో కొంత తప్పు కూడ ఉన్నది. తీరువ భయం లేకుండా ఆ నీరు ముందే పొలాలకు అలవాటై ఉంటే ధాత కరువులో కాలువ ఒడ్డు ఊళ్లయినా తేలికగా ఊపిరి పీల్చుకొని ఉండేవి. తరువాతి తరాలవారు నీటి విలువ నేర్చుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దిలో నంద్యాల, మైదుకూరు, ప్రొద్దుటూరు పక్కల వరిచేలు పచ్చబడినది ఈ కాలువ మీదనే. ఒకప్పుడు వద్దన్న నీటికోసం కాలువ చివరి ఊళ్లవారు పైవారితో తగాదా పడడం ఇప్పుడు ప్రతి ఎండకారులోను వినే వార్త.

కాలువ పారని నేల మిగిలే ఉన్నది, అది హెచ్చు. దత్తమండలాలని పిలువబడుతూ వచ్చిన ఈ ప్రాంతానికి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అని పేరు పెట్టినారు. పేరు గొప్పది, మబ్బులు దాన్ని లెక్కపెట్టలేదు. 1950 తరువాత మొదటి సంవత్సరాలలోనే మళ్లీ కరువు. ఊరూర గంజి కేంద్రాలు వెలసినవి. సత్తుగిన్నెలతో వరుసలో నిలబడ్డ పిల్లలు పెద్దవారై, ఉపాధ్యాయులై, తమ విద్యార్థులకు ఆ వరుసల సంగతి చెప్పినారు. ఆ గంజి పలుచనిదని చెప్పినవారూ ఉన్నారు, అమృతమని చెప్పినవారూ ఉన్నారు. రెండూ నిజమే.

2006 ఫిబ్రవరి 2న పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. చట్టంలో దానికి పొడవైన పేరు ఉన్నది. ఊళ్లలో జనం మాత్రం దాన్ని కరువు పని అన్నారు. వాన పడినా, పడకపోయినా కరువు పనే. ధాత నాటి మాట నూట ముప్పై ఏండ్లు నాలుక మీద నిలిచి, కొత్త చట్టానికి తొడుగైనది. త్రవ్విన మట్టిని కొలిచి కూలి కట్టడం అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. తేడా లేదని కాదు. అప్పుడు అది దొరల దయ. 2005 చట్టంలో అది అడిగి పుచ్చుకొనే హక్కుగా వ్రాయబడినది. ఆ ఒక్క మాట కాగితం మీదికి రావడానికి ఎన్ని కరువులు పట్టినవో పైన చూసినాము.

ఇంతవరకు చెప్పినది పాత కథ అనుకొనే ఉపాధ్యాయుడు కర్నూలు జిల్లా పడమటి మండలాలలో, కోసిగిలోనో, మంత్రాలయంలోనో, ఆదోని పల్లెలలోనో, ఒక డిసెంబరు మాసపు హాజరు పట్టీ తెరిచి చూడవచ్చు. అక్కడ సుగ్గి అనే మాట ఉన్నది. సుగ్గికి పోవడమంటే ఊళ్లో పని అయిపోగానే సంసారం మూట కట్టుకొని, పని ఉన్న ఊరికి వలస పోవడం. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఇటుకలు, సిమెంటు మోయడానికి బెంగుళూరు, హైదరాబాదు పోతారు. ఒక రాత్రి వచ్చిన లారీలో వీధి వీధి ఎక్కిపోతుంది. తెల్లవారితే తరగతిలో సగం పలకలు లేవు. పిల్లలను వెంట తీసుకొని పోతే చదువు పోతుంది. వదిలి పోతే అవ్వ దగ్గర అన్నానికి చూడాలి. ఇటువంటి పిల్లల కోసం ఆ నాలుగైదు నెలలు ఊళ్లోనే ఉంచి తిండి పెట్టే వలస కాలపు వసతిగృహాలను ప్రభుత్వ విద్యాశాఖ నడుపుతూ వచ్చినది. కొన్ని ఏండ్లు అవి వేళకు తెరుచుకొంటాయి. కొన్ని ఏండ్లు అనుమతి వచ్చేసరికి లారీ పోయి ఉంటుంది.

పట్టీలో ఆ పేర్ల ఎదుట వరుసగా సున్నలు పడతాయి. తెలివిగల ప్రధానోపాధ్యాయుడు ఆ పేర్లు కొట్టివేయడు. కొట్టివేస్తే తిరిగి వచ్చిన పిల్లవాడికి బడిలో చోటు లేదన్న భయం పుడుతుందని ఎరుగును. ఆయనకు పై నుండి గైరుహాజరుపై సంజాయిషీ ఉత్తరాలు వస్తాయి. ఆయన వాటికి జవాబులు వ్రాస్తూ ఉంటాడు. కార్నిష్ వ్రాసిన ఉత్తరాలను గూర్చి ఆయన విని ఉండకపోవచ్చు.

ఉగాది దగ్గర పడేసరికి కొన్ని కుటుంబాలు తిరిగి వస్తాయి, పరీక్షలూ అప్పుడే. మిరపచేలో ఘాటుకు కండ్లు ఎర్రబడిన పిల్లలు చివరి బల్ల మీద కూర్చుంటారు. ఎనిమిదో ఎక్కం అడిగితే తడబడతారు. అమ్మ దినానికి ఎన్ని కిలోల కాయ కోసినది, కిలోకు ఎంత ఇచ్చినారు, మేస్త్రి ఎంత పట్టుకొన్నాడు, ఇంటి అప్పుకు పోను చేతికి ఎంత మిగిలినది అని అడిగితే మాత్రం లెక్క తప్పకుండా చెబుతారు.